రొట్టె బండ్లు వెనకబడిన యుద్ధం

ఆ నవల నేను మ్యాపు కోసం తీసుకున్నాను. గద్వాలలో పాత ఇనుమూ పాత కాగితాలూ కొనే దుకాణానికి వెళ్లింది మాత్రం డ్రాయింగులు చుట్టి పెట్టుకునే ప్లాస్టిక్ గొట్టం కోసం. గొట్టం దొరకలేదు. కాగితాల కుప్ప మీద లావుపాటి పుస్తకం ఒకటి తెరిచి ఉంది. చివరి అట్టకు అతికించిన మడతల మ్యాపు కిందికి వేలాడుతోంది. మ్యాపు మీద స్కేలు ఉంది, ఉత్తర దిక్కు బాణం ఉంది. సైన్యాలు నడిచిన దారులు ఎర్ర గీతలు, రైలు మార్గాలు నల్ల గీతలు, సరస్సులకు నీలం రంగు. స్కేలూ దిక్కూ రెండూ ఉన్న మ్యాపును వదిలి రావడం నాకు చేతకాదు.

అది ఒక రష్యన్ చారిత్రక నవలకు తెలుగు అనువాదం. ఒక మహాయుద్ధం మొదలైన తొలి వారాల కథ. రెండు రష్యన్ సైన్యాలు సరిహద్దు దాటి, సరస్సులూ అడవులూ నిండిన పరాయి నేలలోకి రెండు వైపుల నుంచి నడుస్తాయి. ఒక జనరల్ ఎక్కడున్నాడో ఇంకో జనరల్‌కు తెలియదు. ఆరు వందల పేజీల్లో యుద్ధం మొదలవుతుంది, అంతే. ముగియదు.

నేను వనపర్తిలో సివిల్ డిప్లొమా చేశాను. ఏది చదివినా పక్కన తెల్ల కాగితం పెట్టుకునే అలవాటు అక్కడే పట్టుకుంది. ఈ నవలకు మొదట పాత్రల పట్టిక వేశాను, ఒక్కో మనిషికి మూడేసి పేర్లు ఉన్నాయి కాబట్టి. తర్వాత ఏ దళం ఏ తేదీన ఎక్కడుందో ఒక పట్టిక. మ్యాపు మీది వంకర దారుల వెంట దారం పరిచి, దారాన్ని స్కేలుతో కొలిచి, సైనికులు రోజుకు ఎంత నడిచారో చూశాను. రచయిత చెప్పిన దూరం నా దారంతో సరిపోయినప్పుడు ఎవరికైనా ఫోన్ చేసి చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలో తోచక మానేశాను. చివరగా ‘మొదటి మూడు వారాల్లో సైన్యం చేసిన తప్పులు’ అని ఇంకో జాబితా రాస్తే పదకొండు తేలాయి. అందులో మూడోది ఇది: మనుషులు ముందు నడిచారు, రొట్టె బండ్లు రెండు రోజుల వెనక నడిచాయి.

మా మేనమామది మానవపాడు దగ్గర ఊరు. ఆయన గుంపు మేస్త్రీ. అంటే ఊళ్లో యాభై అరవై మందిని కూడగట్టి ఆనకట్టల పనికీ కాలువల పనికీ తీసుకెళ్లి, పనయ్యాక మళ్లీ ఊరికి చేర్చే మనిషి. ముప్పై ఏళ్లుగా అదే పని. ఆ ఏడు ట్రాక్టర్ ట్రాలీ మీంచి జారి కాలు విరగ్గొట్టుకుని, తొడ దాకా సిమెంటు పట్టీతో మంచం మీద ఉన్నాడు. ఒక్క చోట రెండు గంటలు కూర్చోని మనిషికి అది పెద్ద శిక్ష. ఆదివారాలు నేను చూడ్డానికి వెళ్లేవాణ్ని. ఒక ఆదివారం ఆయనకు నా సంచీలో పుస్తకం కనబడింది.

“ఏంది అల్లుడా గది, ఇటుక లెక్కున్నది?”

“నవల మామా. రష్యావోళ్ల యుద్ధం ముచ్చట.”

“ఎవలు గెలిచిండ్రు?”

“గెలుసుడు ఇంక రాలె. మొదలైంది గంతే.”

“అయితే చదువు. నాకు గూడ ఇంక ఆరు వారాలున్నది.”

అట్లా మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ మంచం మీద, నేను కుర్చీలో. అత్త గడపలో కూర్చుని పల్లికాయలు ఒలుస్తూ వినేది. రెండో ఆదివారానికి గుంపులో పనిచేసేవాళ్లు నలుగురైదుగురు వచ్చి చేరారు. ఆ పేర్లు ఎవరికీ నోరు తిరగలేదు. కాబట్టి మామ అందరికీ కొత్తగా పేర్లు పెట్టాడు. ఒక జనరల్ తెల్లగడ్డం, రెండో జనరల్ గుర్రపాయన. నా పట్టికలో మూడు పేర్ల వరుస పక్కన నాలుగో వరుస గీసి ఇవి రాసుకున్నాను. నాకూ అవే సులువుగా గుర్తుండేవి.

మొదటి పోరాటం వచ్చే అధ్యాయాన్ని నేను ఇంట్లో రెండుసార్లు చదివి, గొంతు సవరించుకుని వెళ్లాను. ఫిరంగులు పేలుతున్నాయి, చెట్లు కూలుతున్నాయి, ఒక యువ అధికారి గుర్రం మీద కొండ ఎక్కుతున్నాడు. సరిగ్గా అక్కడ మామ చెయ్యి పైకెత్తాడు.

“ఆగు. పొద్దుగాల్ల సంది నడుస్తుండ్రు గద. బువ్వ తిన్నరా?”

“రాయలె మామా.”

“రాయలేదా! గింత లావు పుస్తకం రాసెటాయనకు బువ్వ యాదికి రాలేదా?”

“వస్తది కావచ్చు, జర ఆగు.”

“నేను ఆగుత. వాళ్లు ఎట్ల ఆగుతరు?”

నలభై పేజీల తర్వాత బువ్వ వచ్చింది. వచ్చిందంటే రాలేదని తెలిసింది. సైన్యానికి రొట్టెలు అందించే బాధ్యత ఉన్న ఒక కెప్టెన్ బండ్లన్నీ వెనక ఇసుక దారిలో దిగబడి ఉండగా, తన నోటు పుస్తకం పట్టుకుని ఒక్కడే ముందుకు పరుగెత్తుకొస్తాడు. మామ మంచం మీద లేవబోయి, కాలు నొప్పి పెట్టి, కూర్చునే చప్పట్లు కొట్టాడు.

“వచ్చిండు మనోడు! గీ మనిషి ఉన్నడని ముందే చెప్పొద్దా?”

అప్పటి నుంచి ఆయనకు నవల అంటే రొట్టె కెప్టెనే. రాజధానిలో దొరసానులు విందులు చేసుకునే అధ్యాయాలు వస్తే, “వాళ్ల చాయి ముచ్చట్లు మనకెందుకు, మనోని దగ్గరికి పో” అనేవాడు. పేజీలు వదిలేయడం నావల్ల కాదు. చివరికి ఒప్పందానికి వచ్చాం: విందులు వచ్చినప్పుడు నేను ఊపిరి తీసుకోకుండా చదవాలి, ఆయన మధ్యలో చుట్ట వెలిగించుకోవచ్చు.

అత్త ఎక్కువగా మాట్లాడదు. నాలుగో ఆదివారం మాత్రం చేటలోంచి తలెత్తకుండా అడిగింది. “వాళ్ల ఆడోళ్లు ఏడున్నరు?”

“ఇండ్ల కాడ అత్తా. యుద్ధానికి ఆడోళ్లు పోరు.”

“గందుకే గిట్లయింది” అంది. మామతో సహా అందరూ నవ్వారు.

అప్పటికి నేను నాగర్‌కర్నూల్ దగ్గర ఒక పిల్ల కాలువ పనిలో రెండేళ్లుగా ఉన్నాను. నా పని రిజిస్టర్లు రాయడం: వచ్చిన సిమెంటు బస్తాలు, వాడిన బస్తాలు, కాంక్రీటు నమూనాల పరీక్షలు. ఇంకొకరు కట్టినదాన్ని నేను రాసేవాణ్ని. ఆ నెలలో మా పెద్ద ఇంజనీరు నన్ను పిలిచి ఒక డ్రాయింగు చేతిలో పెట్టారు. కాలువ కింద నుంచి వాగు నీళ్లు దాటిపోయే ఒక చిన్న కట్టడం. దాని అడుగు స్లాబు.

“ఇది నీది. పొద్దున మొదలుపెడితే సాయంత్రం అయ్యేదాకా మిక్సర్ ఆగకూడదు. ఆగకుండా వేస్తే ఈ కాలువ మీద మిగతా తొమ్మిదీ నీకే. ఆగిందా, మళ్లీ రిజిస్టరే.”

ఆగకూడదు అనడానికి కారణం ఉంది. పోసిన కాంక్రీటు గట్టిపడ్డాక దాని పక్కన కొత్తది పోస్తే రెండింటి మధ్య సన్నని అతుకు మిగిలిపోతుంది. నీళ్లకు ఆ అతుకు చాలు. ఆ స్థలానికి నల్లరేగడిలో పెద్ద బండ్లు రావు. రెండు చిన్న మిక్సర్లు పెట్టి, మనుషులు తట్టలతో మోసి పోయాలి. మా మామ గుంపును పిలుద్దామన్నాను.

“మేస్త్రీ మంచం మీద ఉన్నాడంటున్నావు. మేస్త్రీ లేని గుంపు ఏం చేస్తుంది?” అన్నారు ఇంజనీరు.

“మా అత్త వస్తుంది సార్. ప్లాను నేను వేస్తాను.”

ఆ ప్లాను నా జీవితంలో వేసిన అన్నిటికన్నా అందమైన ప్లాను. రష్యన్ల పదకొండు తప్పులనూ పక్కన పెట్టుకుని, ఒక్కొక్కదానికి మందు రాశాను. అందరూ ఒకే దారిలో ఒకేసారి పోవడం ఏడో తప్పు. కాబట్టి మూడు వ్యాన్లు ఇరవై నిమిషాల తేడాతో బయల్దేరతాయి. ఎవరి పని ఏమిటో తెలియకపోవడం తొమ్మిదో తప్పు. కాబట్టి మనుషుల్ని పని ప్రకారం విడదీశాను. మొదటి వ్యానులో తాపీవాళ్లు, మిక్సర్ నడిపేవాళ్లు. రెండో వ్యానులో తట్టలు మోసేవాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లు. మూడో వ్యానులో గిన్నెలు, బియ్యం, కట్టెలు, పరుపులు, గుడిసెల మీద కప్పే తాడిపత్రి పట్టాలు. మూడో తప్పు ఎదురుగా ‘సామాను విడిగా, భద్రంగా’ అని రాసి, ఆకుపచ్చ రంగులో టిక్కు పెట్టాను.

చూపిద్దామని వెళ్లిన రోజు మామను ఎక్స్‌రే కోసం గద్వాల తీసుకెళ్లారు. అత్తకు ఫోనులో చూపించాను.

“గింత చిన్న అక్షరాలు నాకు ఆనయి అల్లుడా. అందరి పొయ్యిలు ఉన్నయా గిండ్ల?”

“సామానంత మూడో బండ్ల ఉన్నది అత్తా.”

“సామాను గాదు, పొయ్యిలు...”

“అన్ని చూసుకున్న అత్తా, పరేషాన్ గాకు” అని బస్సెక్కేశాను.

శనివారం పొద్దున మొదటి వ్యాను తొమ్మిదిన్నరకు దిగింది. రెండోది తొమ్మిదీ యాభై మూడుకు దిగింది. నా ప్లానుకు మూడు నిమిషాల తేడా మాత్రమే. నేను చాలా సంతోషంగా ఉన్నాను. పదిన్నరకు మూడో వ్యాను డ్రైవర్ ఫోన్ చేశాడు. బీచుపల్లి వంతెన దాటాక వెనక చక్రాల మీది కమాన్ కట్ట విరిగింది. మెకానిక్ వచ్చి బాగుచేసేసరికి సాయంత్రమవుతుంది.

సరే, ఈలోపు గుడిసెలకు కర్రలైనా పాతమని తాపీవాళ్లకు చెప్పాను. ఒక్కరూ కదల్లేదు. అందరిలో పెద్దాయన తల గోక్కున్నాడు.

“ఎవల గుడిసె ఏడ ఎయ్యాలె సారు? పొయ్యిలు రాలె గద.”

అప్పుడు అర్థమైంది. మామ గుంపులో మనుషుల్ని తలల లెక్కన చూడరు, పొయ్యిల లెక్కన చూస్తారు. ఒక కుండలో వండింది తినేవాళ్లంతా ఒక పొయ్యి: మొగుడూ పెళ్లాం, ఒక మరిది, తోడు లేని పక్కింటి పెద్దమ్మ. ఎక్కడికి పోయినా ముందు మూడు రాళ్లు పెట్టి, వాటి మీద తమ గిన్నె ఎక్కించి పొయ్యి చోటు ఖాయం చేసుకుంటారు, గుడిసె దాని చుట్టూ లేస్తుంది. ప్రయాణంలోనూ ఒక పొయ్యి మనుషులు, వాళ్ల గిన్నె, వాళ్ల బియ్యం ఒకే బండిలో ఉంటాయి. అలా ఇరవై ఒక్క పొయ్యిల గుంపు అది. నేను ఒక్కో పొయ్యినీ మూడు ముక్కలు చేసి, మొగుణ్ని ఒక వ్యానులో, పెళ్లాన్ని ఇంకో వ్యానులో, గిన్నెను మూడో వ్యానులో ఎక్కించాను. మామ పద్ధతిలో బండి ఆగిపోతే ఏడు పొయ్యిలు ఆలస్యమయ్యేవి, మిగతా పద్నాలుగు వండుకుని తినేవి. నా పద్ధతిలో అందరూ వచ్చారు, ఎవరికీ గిన్నె లేదు. నీళ్ల ట్యాంకు నిండుగా ఉంది, ముంచుకు తాగడానికి చెంబు లేదు.

ఆదివారాలు కథ వినడానికి వచ్చే ఒకావిడ కొంగుతో ముఖం తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

“అల్లుడు సారూ, రష్యాల గూడ గిట్లనే అయిందంట గద?”

యాభై ఎనిమిది మందీ నవ్వారు. నేను మామకు ఫోన్ చేశాను. విషయం సగం చెప్పేసరికే అవతల నుంచి నవ్వు, దగ్గు, మంచం కిర్రుమనడం వినిపించాయి.

“తెల్లగడ్డం నువ్వే నాయినా! గడ్డమొక్కటే తక్కువ.”

“మామా, నవ్వకు. సోమవారం పొద్దుగాల్ల స్లాబు ఎయ్యాలె. వీళ్లు వాపస్ పోతమంటే నా పని ఖతం.”

“ఎవ్వలు పోరు. మీ అత్తకియ్యి ఫోను.”

అత్త ఊఁ కొడుతూ ఒక నిమిషం విని, ఫోన్ నాకిచ్చి, గుంపులో చర్చికి పోయే ఇద్దరు ఆడవాళ్లను పిలిచింది. పొలం గట్టు మీంచి చూస్తే పక్క ఊళ్లో తెల్ల సిలువ కనబడుతోంది. చర్చి ఉన్నచోట పండగ విందులకు వండే పెద్ద గంజులు ఉండి తీరతాయని వాళ్లకు తెలుసు. నా పదకొండు అంశాల జాబితాలో అలాంటి విషయం ఒక్కటీ లేదు. గంటలో ఆ ఊరివాళ్ల ఆటోలో రెండు గంజులు, ఒక పెద్ద గరిటె, అప్పుగా బియ్యం, పప్పు, కట్టెలు, మోదుగు విస్తర్ల కట్ట వచ్చాయి. ఒంటిగంటకు యాభై ఎనిమిది మందీ నేనూ వేడి బువ్వ, పప్పుచారు తింటున్నాం.

“గీ ఒక్క పూటే” అంది అత్త. “రాత్రికెల్లి ఎవల పొయ్యి వాళ్లదే.”

అయిదింటికి మూడో వ్యాను వచ్చింది. గంట తిరక్కుండా కాలువ గట్టు వెంట ఇరవై ఒక్క పొగలు వరుసగా లేచాయి. ఆ వరుస ఎవరూ తాడు పట్టకుండానే తిన్నగా ఉంది.

ఆదివారం ఉదయం అత్తను కూర్చోబెట్టి సోమవారం ప్లాను చదివి వినిపించాను. ఈసారి గట్టిగా, ప్రతి వరుసా. తాపీవాళ్లు ఇక్కడ, తట్టలు ఈ దారిలో, మిక్సర్లు ఈ మూలల్లో, పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా భోజనం.

“బువ్వకు మిషను ఆపుతవా?” అంది అత్త.

నేను కాగితం వైపు చూశాను. పైన పెద్ద అక్షరాలతో ‘మిక్సర్ ఆగకూడదు’ అని ఉంది. కింద అదే చేతిరాతతో గంట సేపు ఆగుతుందని ఉంది. రెండేళ్లుగా నేను నింపిన రిజిస్టర్లలో భోజన విరామం అనే గడి అచ్చువేసి ఉండేది. చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది. శనివారం గిన్నెల గొడవ జరగకపోయి ఉంటే, సోమవారం పన్నెండున్నరకు నా స్లాబు మధ్యలో నిలిచిపోయేది.

“మరి మీరు ఎట్ల తింటరు అత్తా?”

“మీ మామ అయితే పొయ్యిలెక్క పంపిస్తడు. మూడు పొయ్యిలు తింటుంటే పద్దెనిమిది చేస్తుంటయి.”

ఆమె నేల మీద ఇరవై ఒక్క గులకరాళ్లు పరిచి, మూడేసి చొప్పున పక్కకు జరిపింది. ఏడు దఫాలు. దఫాకు అరగంట అంటే మూడున్నర గంటలు. పదిన్నరకు మొదలుపెడితే రెండింటికి అందరూ తినేస్తారు. అయితే మిక్సర్ నడిపేవాళ్లు నాలుగు పొయ్యిల్లోనే ఉన్నారు. వాటిలో మూడు ఒకే దఫాలో పడితే ఒక మిక్సర్ దగ్గర మనిషి ఉండడు. ఆ చిక్కు విడదీయడం నా వంతు. రాళ్లలో నాలుగింటికి సుద్దతో గుర్తు పెట్టి, వాటిని నాలుగు వేరే దఫాల్లోకి మార్చాను. తాపీవాళ్లకూ అట్లాగే చూశాను. అత్త ఒకటి జరిపితే నేను ఒకటి జరిపాను. చూస్తున్నవాళ్లు పులిజూదం ఆడుతున్నారా అని వెక్కిరించారు. రెండు గంటలు పట్టింది. అంత ఇష్టంగా నేను ఏ లెక్కా చేయలేదు.

సోమవారం ఆరింటికి మొదటి మిక్సర్ తిరిగింది. తట్టలు చేతి నుంచి చేతికి కదలడం మొదలయ్యాక నేను చేయాల్సింది పెద్దగా లేదు. నీళ్ల కొలత చూడడం, కాంక్రీటును కుదించే వైబ్రేటర్ పట్టుకున్నవాడు తొందరపడకుండా చూడడం, గడియారం చూడడం. పదిన్నరకు అత్త ఒక కేక వేసింది. మూడు పొయ్యిల మనుషులు వరుసలోంచి జారుకున్నారు, ఖాళీల్లోకి పక్కవాళ్లు జరిగారు. మిక్సర్ చప్పుడు మారలేదు. ఆ చప్పుడు మారనందుకు నాకు ఒళ్లు పులకరించింది.

మామ అరగంటకోసారి ఫోన్.

“ఏంది కబురు? గుర్రపాయన గిట్ల అడ్డం రాలేదు గద?”

“రాలె మామా. నాలుగో దఫా తింటుండ్రు.”

“నువ్వు తిన్నవా?”

“నేను ఏ పొయ్యిల లేను మామా.”

“గట్లంటవేంది? అన్నిట్ల ఉన్నవు.”

మూడింటికి ఒక మిక్సర్ బెల్టు జారింది. నేను పరుగెత్తేలోపే వరుస రెండో మిక్సర్ వైపు వంగింది. పది నిమిషాల్లో బెల్టు ఎక్కించాం. అయిదూ ఇరవైకి చివరి తట్ట పడింది. దాన్ని మోసుకొచ్చినావిడ తట్ట బోర్లించి, దాని అడుగున చేత్తో రెండు దరువులు వేసి, “అయిపాయె!” అని అరిచింది.

పెద్ద ఇంజనీరు అప్పటికే వచ్చి గట్టు మీద నిలబడి ఉన్నారు. కిందికి దిగి, స్లాబు అంచు వెంట ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచారు. వంగి చూస్తూ మళ్లీ వెనక్కి వచ్చారు. అతుకు కోసం వెతుకుతున్నారని నాకు తెలుసు.

“ఎక్కడ ఆపావు?”

“ఆపలేదు సార్.”

“మరి భోజనాలు?”

“అందరూ తిన్నారు సార్.”

ఆయన ప్లాను అడిగి తీసుకుని, మొదటి గడిలో ‘పొయ్యి నంబరు’ అని ఉన్నచోట ఆగారు. నేను వివరించాను. ఆయన అత్త వైపు ఒకసారి చూసి, కాగితాన్ని తన ఫోనులో ఫొటో తీసుకున్నారు.

“మిగతా తొమ్మిదింటికీ ఇదే పద్ధతి. రేపు పొద్దున వచ్చి డ్రాయింగులు తీసుకో. ఆ రిజిస్టర్లు ఇంకెవరికైనా అప్పగించు.”

ఆయన జీపు గట్టు మలుపు తిరిగేదాకా అందరూ మర్యాదగా నిలబడ్డారు. తిరగ్గానే ఒక్కసారిగా అరుపులు, ఈలలు. మామకు ఫోన్ చేస్తే ఆ గోలే వినిపించింది తప్ప నా మాట వినిపించలేదు. ఆయనకు అదే చాలింది.

పొద్దు ఇంకా వాలలేదు. పొయ్యిలు మళ్లీ వెలిగాయి. మొదటి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి జొన్నరొట్టె, పుంటికూర పెట్టారు. లేచి రెండడుగులు వేస్తే రెండో పొయ్యివాళ్లు చెయ్యి పట్టుకున్నారు, “వాళ్ల కాడ తిని మా కాడ తినవా?” అని. అక్కడ పచ్చిపులుసు. మూడో దగ్గర పల్లీల తొక్కు. ఏడో పొయ్యి దగ్గర కూడా తిన్నాక, ఇక నా వల్ల కాదని రెండు చేతులూ అడ్డం పెట్టాను. అత్త రొట్టె తిప్పుతూ నా వైపు చూసింది.

“ఇంక పద్నాలుగున్నయి అల్లుడా. లెక్క నీకే ఎరుక.”